పొయ్యి వెనక గోడకు టైల్స్: మా తూర్పు గోడ నేర్పిన పని

వైజాగ్‌లో చాలా ఇళ్ళలో పొయ్యి వెనక గోడ అంటే తూర్పు గోడే. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలి, వండే మనిషి తూర్పుముఖంగా నిలబడాలి అని పెద్దవాళ్ళు చెప్తారు. కట్టేవాళ్ళూ అలాగే కడతారు. మన ఊళ్ళో తూర్పు అంటే సముద్రం. తుఫాను వాన కొట్టేది ఆ గోడకే, ఉప్పుగాలి తగిలేదీ ఆ గోడకే. లోపలివైపు నూనె, ఆవిరి, వేడి. బయటివైపు వాన, ఉప్పు. రెండువైపులా దెబ్బలు తినేది ఒకే గోడ. టైల్ రంగు, డిజైన్ చూసుకునే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి. మొదటిసారి నేను ఆలోచించలేదు.

మాది పెద వాల్తేరులో 1996లో కట్టిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. 2009లో వంటగది గోడకు టైల్స్ మార్పించాం. అప్పటి మేస్త్రి పాత ఆయిల్ పెయింట్ మీద అక్కడక్కడా గాట్లు పెట్టి, ఒక్కో టైల్ వెనక నాలుగు సిమెంటు ముద్దలు పెట్టి అతికించేశాడు. ఐదేళ్ళు బాగానే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ ఒక్క రోజులో తూర్పు గోడ లోపలిదాకా నానిపోయింది. మరుసటి వానాకాలానికి చిమ్నీ కింద ఐదు టైల్స్ ఉబ్బాయి. ఒకటైతే పప్పు తాలింపు పెడుతుండగా ఊడి నేరుగా బర్నర్ మీద పడింది. చేతికి తగల్లేదు కాబట్టి సరిపోయింది. అదే రంగువి ఐదు టైల్స్ కోసం తిరగని షాపు లేదు, ఎక్కడా దొరకలేదు. వేరే తెల్లవి తెచ్చి అతుకు వేయించి చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాం.

పోయిన సంవత్సరం వంటగది మొత్తం మార్చాం. ఇప్పుడు మా మేనకోడలు మధురవాడలో పాత ఫ్లాట్ కొని అదే పని మొదలుపెట్టింది. "అత్తా, ఏ టైల్ తీసుకోవాలి?" అని రోజూ ఫోన్. దానికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట. గట్టు పైన గోడకు వేసే ఈ టైల్స్‌ని షాపుల్లో డాడో టైల్స్ అంటారు. వాల్ టైల్స్ అని అడిగితే బాత్రూమ్‌వి కూడా అన్నీ చూపిస్తారు. కిచెన్ డాడో అని అడగండి.

గోడ సంగతి

పాత టైల్స్ మీదే కొత్తవి అతికించొచ్చని చాలామంది చెప్తారు. దానికి పనికొచ్చే గమ్ములు, అంటే నీళ్ళతో కలిపి టైల్స్ అతికించే పొడులు, ఉన్న మాట నిజమే. కానీ పాత టైల్స్ వెనక ఏముందో చూడకుండా ఆ పని చేయకండి. రూపాయి బిళ్ళతో ఒక్కో టైల్ మీదా తట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట టిక్కుమని బిగువైన శబ్దం వస్తుంది, బోలుగా ఉన్నచోట డొల్ల శబ్దం వస్తుంది. మా ఇంట్లో సగానికి పైగా డొల్లే. పగలగొట్టించాక చూస్తే ముద్దకూ ముద్దకూ మధ్య ఖాళీల్లో బొద్దింకలు కాపురం పెట్టాయి. ఎన్ని మందులు కొట్టినా అవి ఎందుకు పోలేదో ఆ రోజు అర్థమైంది.

టైల్స్‌తోపాటు పాత ప్లాస్టరింగ్ కూడా ఇటుక కనిపించేదాకా కొట్టించేశాను. గోడ మీద తెల్లగా పిండిలా ఉప్పు పేరుకుని ఉంది. గోడలోకి దిగిన నీళ్ళు ఆరేటప్పుడు, ఆ నీళ్ళలో కరిగిన ఉప్పు పైకి వచ్చి నిలిచిపోతుంది. దాని మీద ఏ గమ్ము పూసినా గోడను పట్టదు, ఆ పొడినే పట్టుకుంటుంది. ఇనప బ్రష్‌తో పొడిగా రుద్ది దులిపించాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది.

గోడలో చెమ్మ ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండడుగుల పాలిథిన్ షీటు గోడకు ఆనించి, నాలుగువైపులా గాలి పోకుండా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడవైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు పడితే అది మన ఊరి గాలిలో ఉండే తేమే, దానికి టెన్షన్ అక్కర్లేదు. మాకు గోడవైపే పడింది, అదీ కిటికీ పక్కన ఎక్కువగా. బయట చూస్తే కిటికీ సన్‌షేడ్ మీద నీళ్ళు నిలిచి, సన్‌షేడ్ గోడను కలిసే మూలలో సన్నని పగులు ఉంది. లోపల ఎంత ఖరీదైన టైల్ వేసినా ఆ పగులు పూడకపోతే వృథా. బయటి గోడ అందరిదీ కాబట్టి అసోసియేషన్‌లో చెప్పి, తాడు కట్టుకుని దిగే పనివాళ్ళ చేత పగులు వెడల్పు చేయించి పూడ్పించాం. సన్‌షేడ్ మీద నీళ్ళు బయటికి జారేలా వాటం పెట్టించి, గోడకు రెండు కోట్లు వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. లోపలి పని నాలుగు రోజులు ఆగింది. మా మేస్త్రికి అది నచ్చలేదు, నాకు మాత్రం ఆ నాలుగు రోజులే మొత్తం పనికి ప్రాణం అనిపించింది.

కొత్త ప్లాస్టరింగ్‌కు ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక. సిమెంటు బస్తాకు 200 మి.లీ. చొప్పున వాటర్‌ప్రూఫ్ ద్రావకం కలిపించాం. ఇసుక ఏటి ఇసుక అయ్యుండాలి. అనుమానం ఉంటే గుప్పెడు ఇసుక గ్లాసు నీళ్ళలో కలిపి, తేరాక పై నీళ్ళు నాలుక మీద వేసుకోండి, ఉప్పుంటే తెలిసిపోతుంది. నీళ్ళ విషయం కూడా అంతే. సముద్రానికి దగ్గర వీధుల్లో కొన్ని బోర్ల నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మేస్త్రులకు దగ్గరున్న కుళాయి తిప్పేయడం అలవాటు. నేను జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళు రెండు డ్రమ్ములు పట్టి పెట్టి, కలపడానికీ గోడ తడపడానికీ అవే వాడమన్నాను.

ప్లాస్టరింగ్ అయ్యాక వారం రోజులు తడపాలి, ఆపైన కనీసం మూడు వారాలు ఆరనివ్వాలి. అందుకే పని మొదలుపెట్టే నెల ముఖ్యం. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, ఆ రెండు నెలలూ వద్దు. సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం వైపు మేస్త్రులు ఊళ్ళకు వెళ్ళిపోతారు, వారం పది రోజులు మనిషి దొరకడు. వాళ్ళు తిరిగొచ్చాక, జనవరి ఆఖర్లో మొదలుపెడితే ఫిబ్రవరి అంతా గోడ ఆరడానికి దొరుకుతుంది. ఆ నెల్లాళ్ళూ బాల్కనీలో ఇండక్షన్ పొయ్యి మీదే మా వంట.

స్విచ్ బోర్డులు

గోడ ఇటుకల దాకా తెరిచి ఉన్నప్పుడే వైరింగ్ అంతా అయిపోవాలి. మిక్సీ, గ్రైండర్, వాటర్ ఫిల్టర్, ఇండక్షన్, చిమ్నీ, ఒవెన్ ఉంటే అదీ, ఏది ఎక్కడ పెడతారో గోడ మీద సుద్దతో రాసుకోండి. ఇండక్షన్‌కూ ఒవెన్‌కూ 16 ఆంపియర్ల ప్లగ్ కావాలి. సింకు నుంచి కనీసం రెండడుగులు ఎడం ఉంచి, గట్టు నుంచి తొమ్మిది, పది అంగుళాల ఎత్తులో పెట్టించండి. పొయ్యికి సరిగ్గా వెనక మాత్రం ఏ ప్లగ్గూ వద్దు. స్విచ్ పెట్టెను ప్లాస్టరింగ్‌తో సమానంగా కాకుండా, టైల్ మందం, గమ్ము మందం కలుపుకుని ఆ మేరకు బయటికి ఉంచాలి. లేకపోతే టైల్ వేశాక పెట్టె లోపలికి పోయి, ప్లేటు స్క్రూలు అందవు.

ఏ టైల్

మన షాపుల్లో కనిపించే టైల్స్ చాలావరకు గుజరాత్‌లోని మోర్బి నుంచే వస్తాయి. కంపెనీ పేరు కన్నా అది సిరామిక్కా, విట్రిఫైడా అన్నది ముందు అడగండి. టైల్ తిరగేసి వెనక చెంచాడు నీళ్ళు పోస్తే మీకే తెలుస్తుంది. సిరామిక్ నీళ్ళు పీల్చేస్తుంది, విట్రిఫైడ్ మీద నీళ్ళు అలాగే నిలుస్తాయి. విట్రిఫైడ్ తన బరువులో అర శాతం కన్నా ఎక్కువ నీరు పీల్చదు. గోడలకు వేసే మామూలు సిరామిక్ పది శాతం పైనే పీలుస్తుంది. దీన్ని బట్టి అతికించే పద్ధతి మారుతుంది. సిమెంటుతో అతికిస్తే, సిమెంటు కలిసిన నీళ్ళు టైల్ లోపలికి పోతేనే పట్టు. విట్రిఫైడ్‌లోకి అది పోదు, కాబట్టి దానికి గమ్ము తప్పనిసరి. గోడకు సిరామిక్ చాలు. పైన గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉంటుంది కాబట్టి నూనె లోపలికి దిగదు, తేలిక, కోయడానికీ సుళువు.

మేనకోడలికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉండే పెద్ద టైల్ మీద మనసు. అందంగా ఉంటుంది, అతుకులు తక్కువ, కాదనను. కానీ ఒక్కోటి 14, 15 కిలోలు ఉంటుంది. గోడ ఏమాత్రం వంకరున్నా ఒక మూల లేస్తుంది. దాని మధ్యలో స్విచ్‌కు రంధ్రం కోసేటప్పుడు పగిలితే మొత్తం టైల్ పోయినట్టే. పాత ఫ్లాట్ గోడలకు అది వద్దన్నాను. మొరాకో డిజైన్ చిన్న టైల్స్, మొజాయిక్ ముక్కలు పొయ్యి వెనక అసలే వద్దు. ఎన్ని అతుకులుంటే అంత నూనె పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు వంజరం వేయించే ఇంట్లో ఆ గీతలు తోమడానికే ఆదివారం సరిపోతుంది. అంత ఇష్టమైతే కాఫీ పెట్టుకునే మూలలో రెండు వరసలు వేయించుకోవచ్చు. పాలరాయి మన వంటింటి గోడకు పనికిరాదు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే రాయి మెరుపు తినేస్తుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు.

ఫినిషింగ్ ఎంచుకోవడానికి నేను చేసిన పరీక్ష మీరూ చేయండి. షాపువాణ్ణి అడిగి మూడు శాంపిల్ ముక్కలు తెచ్చుకున్నాను, ఒకటి నిగనిగలాడేది, ఒకటి మెరుపు లేని మాట్, ఒకటి గరుకుగా రాయిలా ఉండేది. మూడింటి మీదా నువ్వుల నూనెలో పసుపు, కారం కలిపి పూసి రాత్రంతా ఉంచాను. పొద్దున గిన్నెలు తోమే సబ్బుతో తుడిస్తే నిగనిగలాడేది ఒక్క తుడుపుకి శుభ్రమైంది. మాట్‌కి కాస్త రుద్దాల్సి వచ్చింది. గరుకుదాని గుంటల్లో పసుపు ఉండిపోయింది. శాంపిల్‌ని గట్టు మీద నిలబెట్టి పొద్దుటి ఎండలో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. షాపు లైట్ల కింద దంతం రంగులో ఉన్నది మా ఇంట్లో పచ్చగా కనిపించింది. కప్‌బోర్డు కింద ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టించే ఆలోచన ఉంటే, నిగనిగలాడే టైల్‌లో ఆ చుక్కలన్నీ అద్దంలోలా కనిపిస్తాయి, స్ట్రిప్‌కు పాలరంగు మూత వేయించాలి.

చివరికి 300 మి.మీ. వెడల్పు, 600 మి.మీ. పొడవు సైజులో లేత బూడిద రంగు, ఏ బొమ్మా లేనిది తీసుకున్నాను. చదరపు అడుగు 58 రూపాయలు పడింది. ఈ సైజుకు ఒక సుఖం ఉంది. అడ్డంగా రెండు వరసలు వేస్తే గట్టుకూ పై కప్‌బోర్డుకూ మధ్య ఉండే రెండడుగులకూ సరిపోతుంది, ఎత్తులో కోత ఉండదు. రెండు వరసలు కలిపి 600 మి.మీ., రెండడుగులంటే 610. మిగిలే ఆ పది మి.మీ. అతుకులకూ, గట్టు దగ్గర సందుకూ, కప్‌బోర్డు కింది అంచుకూ పోతుంది.

లెక్క మా ఇంటిదే చెప్తాను. తూర్పు గోడ 9 అడుగులు, దక్షిణం గోడ 5 అడుగులు, ఎత్తు 2 అడుగులు, అంటే 28 చదరపు అడుగులు. చిమ్నీ వెనక 3 అడుగుల వెడల్పున సీలింగు దాకా వేయించాం, అది మరో 13. మొత్తం 41, అందులో కిటికీకి 3 పోతే 38. కోతలకూ పగుళ్ళకూ పది శాతం కలిపితే 42. నేను దాని మీద ఇంకో పెట్టె తీసుకున్నాను. అన్ని పెట్టెల మీదా షేడ్ నంబరు ఒకటేనా అని షాపులోనే చదివి చూసుకోండి. ఒకే డిజైన్ అయినా వేరే బ్యాచ్‌లో రంగు, కొలత కొంచెం తేడా వస్తాయి, గోడ ఎక్కాక అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

అతికించే రోజు

గట్టు గ్రానైటు ముందు పడాలి, టైల్ దాని మీద కూర్చోవాలి. మొదటి పని ట్యూబ్ లెవెల్‌తో (నీళ్ళు నింపిన సన్నని గొట్టం) గట్టు మట్టం చూడటం. మాకు 9 అడుగుల్లో 4 మి.మీ. తేడా వచ్చింది. గట్టును నమ్మి మొదలుపెడితే రెండో వరస కప్‌బోర్డు దగ్గర ఏటవాలుగా కనిపిస్తుంది. అందుకే మట్టంగా దారం కొట్టి, దాని ప్రకారం కింది వరస నిలబెట్టి, కింద సందుల్లో ప్లాస్టిక్ చీలికలు పెట్టించాం. అతుకులు పొయ్యి మధ్య గీత నుంచి రెండువైపులా లెక్క పెట్టుకోవాలి. ఒక మూల నుంచి మొదలుపెడితే అవతలి మూలలో రెండంగుళాల ముక్క మిగులుతుంది. ముందు గట్టు మీద టైల్స్ వరసగా పరిచి చూసుకుంటే ఆ ముక్క ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. మూల ముక్క సగం టైల్ కన్నా చిన్నది కాకుండా సర్దుకోవాలి.

ఆ రోజు పొద్దున నేను వంటగదిలోకి వెళ్ళేసరికి మేస్త్రి టైల్స్ అన్నీ నీళ్ళ టబ్బులో వేసేశాడు.

"బాబూ, ఎందుకు నానబెట్టావు?"

"ఏటమ్మా, ఇరవై ఏళ్ళ నుంచి నానబెట్టే ఏస్తన్నాం కదా."

అతను చెప్పింది తప్పు కాదు, సిమెంటుతో వేసేటప్పుడు నానబెట్టాలి. లేకపోతే టైల్ సిమెంటులోని నీళ్ళన్నీ పీల్చేసి పట్టు రాకుండా చేస్తుంది. గమ్ముకు మాత్రం పొడి టైలే కావాలి. వెనక తడి ఉంటే గమ్ము జారిపోతుంది. బస్తా మీద రాసింది చదివి వినిపించాను. అతను ఏమీ అనుకోకుండా తీసి ఆరబెట్టాడు. ఆ రోజు పని పోయింది, మర్నాడు మొదలుపెట్టాం. ముందు రోజు సాయంత్రమే ఈ మాట మాట్లాడుకోండి.

గమ్ము బస్తా మీద ఐఎస్ 15477 అని ఉందో లేదో చూడండి, టైల్ గమ్ములకు మన దేశపు ప్రమాణం అది. అందులో రకాలుంటాయి. లోపలి గోడకు సిరామిక్ అయితే మొదటి రకం సరిపోతుంది, విట్రిఫైడ్ అయితే రెండు లేదా అంతకన్నా పై రకం అడగండి. 20 కిలోలవి రెండు బస్తాలు తెచ్చాం, రెండోదాంట్లో సగం మిగిలింది. నీళ్ళు బస్తా మీద చెప్పినంతే పోయాలి. కలిపాక ఐదు నిమిషాలు వదిలి, మళ్ళీ ఒకసారి కలిపి వాడాలి. గట్టిపడ్డాక నీళ్ళు పోసి పలచన చేసేకన్నా దాన్ని పారేయడమే మేలు.

పళ్ళున్న తాపీతో గోడ మీద గమ్ము ఒకే దిశలో దువ్వినట్టు లాగాలి. టైల్ పెట్టి అటూ ఇటూ కాస్త జరుపుతూ నొక్కితే ఆ గీతలు పడిపోయి వెనక మొత్తం నిండుతుంది. ఒకసారికి మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే పూయాలి. కిటికీలోంచి సముద్రపు గాలి కొడుతుంటే గమ్ము పైన త్వరగా పొర కడుతుంది. వేలితో తాకి చూడండి, వేలికి అంటకపోతే గీకేసి మళ్ళీ పూయాల్సిందే. మొదటి టైల్ పెట్టిన రెండు నిమిషాలకు దాన్ని ఊడదీసి వెనక చూడమని అడిగాను. ఒక మూల ఖాళీగా ఉంది. అది చూశాక మేస్త్రి తనంతట తనే టైల్ వెనక కూడా పలచగా పూయడం మొదలుపెట్టాడు. ఎవరి చేత పని చేయించినా ఈ ఒక్కటీ అడగండి.

స్విచ్‌ల దగ్గర మూల కోసేటప్పుడు గ్రైండర్‌తో నేరుగా కోస్తే ఆ మూల నుంచి పగులు పాకుతుంది. ముందు మూల దగ్గర చిన్న రంధ్రం వేసి, కోత దాన్ని కలిసేలా కోయాలి. డ్రిల్లు మిషనులో సుత్తి దెబ్బ ఆపేసి, టైల్ బిట్టు వాడాలి. కిటికీ అంచులకు మెరిసే లోహపు పట్టీలు వేస్తారు. మా కింది ఫ్లాటులో బంగారు రంగు పట్టీ మూడేళ్ళకే పొక్కులు పోయింది. స్టీల్ పట్టీ అయితే 316 గ్రేడు అడగండి, అది ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. దొరక్కపోతే పీవీసీ పట్టీ మేలు.

అతుకులు

ఒక రోజు ఆరాక గ్రౌటింగ్, అంటే టైల్స్ మధ్య సందులు నింపడం. టైల్‌కూ టైల్‌కూ మధ్య 2 మి.మీ. స్పేసర్లు పెట్టించాం. సందు లేకుండా ఆనించేస్తే అతుకులోకి ఏదీ దిగదు, వేడికి టైల్ సాగడానికీ చోటుండదు. సిమెంటు గ్రౌటు చవక, కానీ నూనె పీల్చి ఏడాదిలో నల్లబడుతుంది. ఎపాక్సీ గ్రౌటు ఖరీదు ఎక్కువ, కానీ ఇంత చిన్న గోడకు కిలో ప్యాకెట్టు మిగిలిపోతుంది, కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు. రంగు బూడిద తీసుకోండి, తెలుపు వద్దు.

ఎపాక్సీలో రెండు ద్రావకాలు, ఒక పొడి ఉంటాయి. కంటి అంచనాతో కాకుండా తూకం వేసి కలపాలి, పాళ్ళు తప్పితే ఎన్ని రోజులైనా జిగురుగానే ఉంటుంది. కలిపాక అరగంట, ముప్పావుగంటలో గట్టిపడిపోతుంది కాబట్టి మేము మూడు విడతలుగా కలిపించాం. నింపిన వెంటనే తడి స్పాంజితో టైల్ మీది మరక తీసేయాలి. అలా వదిలేస్తే మర్నాటికి పలచని మబ్బులాంటి పొర మిగిలిపోతుంది, అది వదలడం చాలా కష్టం. కొంతమంది దాన్ని యాసిడ్‌తో తీయబోతారు. వంటగదిలోకి యాసిడ్ రానివ్వకండి. స్టీల్ సింకు, చిమ్నీ పాడవుతాయి.

టైల్ గ్రానైటును కలిసేచోట, రెండు గోడలు కలిసే మూలలోనూ గ్రౌటు వేయించకండి. రాయీ గోడా వేడికి వేర్వేరుగా కదులుతాయి, అక్కడ గ్రౌటు పగిలి నీళ్ళు దిగుతాయి. బూజు పట్టని రకం సిలికాన్ వేయించండి. దానికి ఒక రోజు తడి తగలకూడదు. మేము మూడు రోజులు ఆగి పొయ్యి వెలిగించాం. పని అయ్యాక మేస్త్రికి డబ్బులిచ్చే ముందు మళ్ళీ రూపాయి బిళ్ళతో ప్రతి టైల్ నాలుగు మూలలా తట్టాను. దక్షిణం గోడ మీద ఒకటి డొల్లగా పలికింది. మారుమాట లేకుండా తీసి మళ్ళీ వేశాడు.

మిగిలిన ఆరు టైల్స్ పాత దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టాను. పెట్టె మీది షేడ్ నంబరు, గ్రౌటు రంగు పేరు, వేసిన తేదీ మార్కర్‌తో ఒక టైల్ వెనక రాశాను. ఆ వివరాలే ఒక కాగితం మీద కూడా రాసి, కప్‌బోర్డు తలుపు లోపలివైపు అంటించి ఉంచాను.